బజ్జీల మామ్మ ఖాతా

1979లో నేనొక చిన్న రచన చేశాను. మా ఊరి సందు మలుపులో మిరపకాయ బజ్జీలు వేసి అమ్మిన ఒక ముసలామెను తలుచుకుంటూ రాసినది. ఒక వారపత్రికలో అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు. వాము వాసన, ముసురు పట్టిన సాయంత్రం, మూకుట్లో నూనె చప్పుడు, "తిను నాయనా, చల్లారిపోద్ది" అనే ఆమె మాట - ఇవన్నీ అందులో ఉన్నాయి. ఈమధ్య పాత కాగితాలు సర్దుతుంటే ఆ పేజీలు చేతికొచ్చాయి. మళ్ళీ చదివాను. ఆమె రోజుకి ఎంత సంపాదించేదో అందులో ఒక్క ముక్క లేదు. ఆ మలుపులోకి ఎందుకు వచ్చి కూర్చుందో లేదు. ఎవరికెంత బాకీ పడిందో, ఆమెకు ఎవరు బాకీ పడ్డారో లేదు. రెండు పేజీల నిండా ఉన్నది నా నాలుక.

మన సాహిత్యంలో ఇప్పుడు తిండి జ్ఞాపకాలు విరివిగా వస్తున్నాయి. వాటిని కాదనను. కానీ అమ్మిన మనిషిని గురించి రాస్తున్నామనుకుంటూ తిన్న మనిషిని గురించి రాసుకోవడం ఒక అలవాటుగా మారింది. ఆ అలవాటుకు నేనూ బాధ్యుణ్ణే. ఈ వ్యాసం నా పాత రచనకు నేను రాసుకుంటున్న సవరణ.

మాది కృష్ణా డెల్టాలో ఒక మోస్తరు పట్టణం. నేను కాలేజీలో చేరింది 1973లో. మెయిన్ రోడ్డునుంచి మేమున్న సందులోకి తిరిగే మలుపులో, కరెంటు స్తంభం పక్కన, నాలుగు సైకిలు చక్రాల బండి. బండిమీద రంపంపొట్టు పొయ్యి, ఇనప మూకుడు, చిల్లుల గరిటె, శనగపిండి కలిపిన సత్తు గిన్నె. మధ్యాహ్నం మూడింటికి మిరపకాయలు నిలువునా చీల్చి, గింజలు దులిపి, చింతపండు గుజ్జులో వాము నూరి కూరేది. నాలుగున్నరకి మొదటి వాయి. రాత్రి మొదటి ఆట సినిమా వదిలేదాకా నిలబడే ఉండేది. కాలేజీ కుర్రాళ్ళం, రిక్షా కార్మికులు, మిల్లు హమాలీలు, సినిమాకి వచ్చిన పల్లెటూరి జనం - అందరూ ఆమెను మామ్మ అనే పిలిచేవాళ్ళం. అసలు పేరు ఎవరూ అడగలేదు. అయిదేళ్ళపాటు వారానికి నాలుగు రోజులు ఆమె చేతి తిండి తిన్న నేనూ అడగలేదు.

"ఇది మన తాతలనాటి రుచి" అని నా పాత రచనలో రాశాను. అది చరిత్ర తెలియని మాట. మిరపకాయ మన పంట కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన రేవులకు వచ్చింది. అంతకుముందు మన కారం మిరియాలదీ అల్లానిదీ. వినుకొండ వల్లభరాయుడి 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు దొరికే భోజనం వివరంగా ఉంది. ఆ వర్ణనను ఆధారం చేసుకునే సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆనాటి తిండిని, ధరను మనకు చూపించారు. ఆ విస్తట్లో మిరపకాయ ఉండే అవకాశమే లేదు.

వేరుశనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధాని మెట్ట పొలాల్లో అది విస్తరించింది మన మూకుళ్ళ కోసం కాదు, ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు నూనె మిల్లుల కోసం. ఎగుమతి పంట స్థానికంగా గానుగలకూ మిల్లులకూ చేరాక గాని, నూనెలో ముంచి వేయించడం బీదల వీధిలో సాధ్యపడలేదు. ఇక తినేవాళ్ళ సంగతి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవల వెంట వరి వచ్చింది. వరి వెంట వ్యాపారం, తర్వాత రైలు, రైసు మిల్లులు వచ్చాయి. మిల్లుల వెంట ఇల్లు వదిలి, ఊరు వదిలి, సాయంత్రానికి చేతిలో చిల్లర డబ్బు, కడుపులో ఆకలి ఉన్న కూలి మనుషులు వచ్చారు. పక్కన సినిమా హాలు వచ్చింది. ఇవన్నీ కలిస్తేనే బజ్జీ బండి. అది అమ్మమ్మల వంటింట్లోంచి నడిచొచ్చింది కాదు. మార్కెట్టూ మిల్లూ కలిసి కన్నది.

మామ్మను ఆ మలుపులోకి తెచ్చిందీ మిల్లే. ఈ సంగతి ఆమె ఒక వానరోజు బేరం లేక చెప్పింది. "మీ తాత బస్తాలు మోసేవోడు నాయనా" అని మొదలుపెట్టింది. భర్త ఒక రైసుమిల్లులో హమాలీ. మెట్లమీద బస్తాతో పడి నడుము విరిగింది. పనిలో గాయపడిన కార్మికుడికి యజమాని పరిహారం చెల్లించాలని చెప్పే చట్టం 1923 నుంచీ ఉంది. కానీ ఆయన పేరు ఏ హాజరు పట్టీలోనూ లేదు. మేస్త్రీ కింద మనిషి. మేస్త్రీ ఇరవై రూపాయలూ, మిల్లు గుమస్తా ఒక నూకల బస్తా ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆయన తొమ్మిదేళ్ళు మంచంలో ఉన్నాడు. ఆ నూకల బస్తా అమ్మిన డబ్బుతో ఆమె మూకుడు కొంది.

అంటే ఆ బండి ఎవరి సరదా వ్యాపారమూ కాదు. ఒక కార్మికుడికి అందని నష్టపరిహారాన్ని అతని భార్య రోజూ నాలుగున్నర నుంచి పదింటిదాకా నిప్పుల ముందు నిలబడి తనే సంపాదించుకోవడం. దీన్ని నేను నా రచనలో "ఆ తల్లి చేతి చలవ" అన్నాను.

ఆమె లెక్క చెప్తాను. 1974 నాటికి రోజు అమ్మకం పదిహేను రూపాయల లోపు. పిండి, మిరపకాయలు, నూనె, పొట్టు, కాగితం పోను మిగిలేది నాలుగు రూపాయలు. అందులోంచి ఆశీలు పావలా. తెలంగాణలో తైబజారు అంటారే, అదే. బజారులో కూర్చున్నందుకు కట్టే ఈ రుసుము వసూలును వేలంపాటలో దక్కించుకున్న కంట్రాక్టరు మనిషి సాయంత్రం ఆరింటికి వచ్చి చీటీ చింపేవాడు. చీటీ మీద ఉన్నది పదిహేను పైసలు, తీసుకునేది పావలా. తేడా ఎందుకని అడిగితే మర్నాడు బండి నిలబెట్టడానికి చోటుండదు.

తర్వాత రోజువారీ ఫైనాన్సు. వంద రూపాయల అప్పు అని రాసుకుని, పది ముందే పట్టుకుని తొంభై చేతికిస్తారు. రోజుకో రూపాయి చొప్పున వంద రోజులు కట్టాలి. చూడ్డానికి నూటికి పది వడ్డీ. కానీ అసలు రోజురోజుకీ తరిగిపోతుంది గనక, వంద రోజుల్లో సగటున ఆమె చేతిలో ఉన్నది నలభై అయిదు రూపాయలే. దానిమీద వంద రోజులకు పది రూపాయలంటే ఏడాదికి నూటికి ఎనభై పైచిలుకు. ఈ లెక్క కాలేజీలో అర్థశాస్త్రం చదువుతున్న నాకు అప్పుడు తట్టలేదు; ఇప్పుడు వేస్తున్నాను. ఇది ఆనాటితో పోయిన వ్యవహారమూ కాదు. 2015 డిసెంబరులో విజయవాడ 'కాల్ మనీ' సంగతులు పత్రికలకెక్కినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. వీధిలో బతికేవాళ్ళకు అందులో కొత్తేమీ లేదు.

నాలుగు రూపాయల్లో ఆశీలు పావలా, ఫైనాన్సు రూపాయి పోతే రెండు రూపాయల డెబ్బై అయిదు పైసలు. మంచంలో మొగుడు, ఒక కొడుకు, ఇంటద్దె, అన్నీ దానిమీదే. ఆ 1973-74లోనే ధరలు విరుచుకుపడ్డాయి. వేరుశనగ నూనె ఆమె కళ్ళెదుటే అందకుండా పోయింది. ధర పెంచితే రిక్షావాళ్ళు రారు. అందుకని ఆమె ధర పెంచలేదు, మిరపకాయను అడ్డంగా రెండుగా కోసింది. "మామ్మ పిసినారిదైపోయింది" అని మేం నవ్వుకున్నాం. దేశ ఆర్థిక సంక్షోభం మా చేతిలో సగం బజ్జీగా ఉంటే, దాన్ని ఆమె గుణంగా చదివిన తెలివి మాది.

మరో సంగతి కూడా నా పాత రచనలో లేదు. ఆమె కులం సందులో అందరికీ తెలుసు. పెద్దిళ్ళ వాళ్ళు పిల్లల్ని పంపి బజ్జీలు తెప్పించుకునేవారు. నూనెలో వేగినదానికి అంటులేదని సమాధానం చెప్పుకునేవారు. కానీ బండి పక్కనున్న ఆమె నీళ్ళకుండలో గ్లాసు ముంచడం ఆ ఇళ్ళలో ఎవరూ చెయ్యలేదు. కారం మండుతున్నా ఇంటిదాకా వెళ్ళి తాగేవారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత ఆ వైపునుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అదే మలుపులో చేరారు. మామ్మ బండి రెండు మూరలు జరిపి వాళ్ళకు చోటిచ్చింది. వాళ్ళలో ఒకామె మాలపల్లె మనిషి. ఆమె మూకుడు పెట్టలేదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలూ, తేగలూ అమ్మింది. ఎందుకని అప్పుడు ఆలోచించలేదు. తొక్క ఒలుచుకుని తినేవి గనక కొనేవాళ్ళుంటారు. ఆమె చేత్తో పిండి కలిపితే ఎవరు కొంటారు? ఎవరు ఏమి అమ్మాలో కూడా కులమే నిర్ణయించింది. వీధి తిండి కులాలను కలిపిందని తేలిగ్గా రాసేవాళ్ళు ఆ నీళ్ళకుండనూ, ఈ తొక్కనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక నేను చెప్పడానికి వెనకాడుతూ వచ్చిన సంఘటన.

అది 1976. ఎమర్జెన్సీ. పట్టణాలను అందంగా చేస్తామనే పేరుతో బీదల గుడిసెలూ బండ్లూ తొలగిస్తున్న రోజులు. ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర ఏప్రిల్లో జరిగింది తర్వాత దేశానికంతా తెలిసింది. చిన్న ఊళ్ళలో జరిగింది ఏ చరిత్రకీ ఎక్కలేదు. మామ్మ బండి వెనకాల గోడమీద ఇరవై సూత్రాల కార్యక్రమం పోస్టరు అంటించి ఉండేది. అందులో పల్లెటూరి బీదల అప్పుల నుంచి విముక్తి ఒక సూత్రం. ఒక సాయంత్రం ఆ పోస్టరు ముందే లారీ వచ్చి ఆగింది.

మేం ఏడుగురం ఆ మలుపుకి ముప్పై గజాల్లో ఒక మేడగదిలో తలుపులేసుకుని కూర్చున్నాం. మా అధ్యయన బృందం సమావేశం. ఆనాటి విషయం సాహిత్యంలో శ్రామిక జీవితం. కింద కేకలు వినిపించాయి. మూకుడు రాళ్ళమీద పడ్డ చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూశాం. బండిని లారీలోకి ఎక్కిస్తున్నారు. నూనె రోడ్డుమీద పారుతోంది. ఆమె ఎవర్నీ బతిమాలలేదు. ఒలికిన పిండిని రెండు చేతులా గిన్నెలోకి ఎత్తుకుంటోంది. మాలో ఒకరు కిటికీ వేశారు. చర్చ కొనసాగింది.

భయపడ్డామని చెప్పుకుంటే సులువు. భయానికి కారణాలూ ఉన్నాయి. రచయితలు జైళ్ళలో ఉన్న కాలం అది. కానీ భయం సగమే. మిగతా సగం మా సిద్ధాంతంలోనే ఉంది. మా లెక్కలో శ్రామికుడంటే ఫాక్టరీ కార్మికుడు, లేకపోతే వ్యవసాయ కూలీ. మామ్మకు బండి ఉంది, మూకుడు ఉంది, సరుకు కొని అమ్ముతుంది, కాబట్టి ఆమె చిల్లర వర్తకురాలు, పెటీబూర్జువా. ఆ మాట ఆ రోజు మాలో ఒకరు అన్నారు కూడా. ఆమె సొంతం అనుకున్న ఆ పనిముట్ల మీద ఏడాదికి నూటికి ఎనభై వడ్డీ పోతోందనీ, ఆమె తన నిప్పుల ముందు తానే కూలీ అనీ, ఆ కూలి నిర్ణయిస్తున్నది ఫైనాన్సు వాడూ ఆశీలు వాడూ నూనె వ్యాపారీ అనీ చూడలేకపోయాం. సూత్రం తప్పు కాదు. మనిషిని చూడకముందే సూత్రాన్ని అతికించడం తప్పు.

నాలుగో రోజుకి ఆమె మళ్ళీ అదే స్తంభం దగ్గర కనిపించింది. బండి లేదు. జరిమానా కడితే ఇస్తారట, కట్టలేదు. నేలమీద మూడు రాళ్ళ పొయ్యి, అరువు మూకుడు. "ఏం మామ్మా, మళ్ళీ వచ్చావా" అన్నాను. "ఎక్కడికి పోతాను నాయనా" అంది. మేడమీద కిటికీ మూసుకోవడం ఆమె చూసిందో లేదో నేనడగలేదు.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక పాత్రను గుర్తు చేసుకోవాలి. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ. ఆమెకూ పేరు లేదు, వృత్తే పేరు. తిండి అమ్ముకుని బతికే వితంతువు. 1909 నాటి రెండో కూర్పు ఎత్తుగడలోనే, ఆమెకు సరుకులు కొని తెస్తానని గిరీశం ఇరవై రూపాయలు తీసుకెళ్ళి వేశ్య కింద ఖర్చు పెట్టేసిన సంగతి తెలుస్తుంది. ఆ తర్వాత ఆమె చీపురు పట్టుకొస్తే మనం నవ్వుతాం. నవ్వాల్సిందే; గురజాడ నవ్వించడానికే రాశారు. కానీ నవ్వు ఆగాక ఎప్పుడైనా లెక్కేశామా? ఆ ఇరవై రూపాయలు ఆమె పెట్టుబడి. అది పోతే రేపటి వంట లేదు. గిరీశం మాటకారితనం మీద మన విమర్శకులు ఎన్నో పేజీలు రాశారు. ఆ ఇరవై రూపాయల మీద రాసింది తక్కువ. గురజాడ మాత్రం ఆ అంకెను వదిలిపెట్టలేదు. గొప్ప రచయిత అంకెను కూడా పాత్రలాగే చూస్తాడు.

నేనీ మాట ఎందుకు అంటున్నానంటే, మామ్మ దగ్గర నాకు ఖాతా ఉండేది. ఆమెకు చదువు రాదు. గోడమీద బొగ్గుతో గీతలు గీసేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస. 1978లో నాకు ఉద్యోగం వచ్చింది. హడావిడిగా ఊరు వదిలాను. నా వరసలో ఉన్నది 11 రూపాయలు. అంటే ఆమె నాలుగు రోజుల మిగులు. అది తీర్చకుండానే మర్నాటి ఏడు ఆమెమీద అంత తియ్యటి రచన చేశాను. పత్రికవాళ్ళు పారితోషికం కూడా పంపించారు. కాలేజీలో గిరీశాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్విన విద్యార్థి కథ ఇది.

1987లో మా ఊరు వెళ్ళాను. మామ్మ పోయి రెండేళ్ళయింది. అదే మలుపులో ఆమె కోడలు పంపు స్టవ్వు మీద బజ్జీలు వేస్తోంది. పిండిలో రేషను బియ్యప్పిండి కలుస్తోందని చెప్పింది. 1983 నుంచి వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆ ఇంటికి నిజంగానే ఆసరా అయింది. గోడకి ఎప్పుడో సున్నం వేశారు. గీతలు లేవు. నేనెవరో చెప్పుకుని బాకీ సంగతి చెప్పాను. ఆమె నా ముఖం చూసి, "పత్రికలో రాసింది మీరేనా అండీ?" అంది. మనవడు చదివి వినిపించాడట. "మా అత్త అంతా విని, బాగానే రాశాడుగాని బాకీ సంగతి రాయలేదేం అని నవ్వింది" అని చెప్పింది.

ఇరవై రూపాయల నోటు ఇచ్చాను. ఆమె తొమ్మిది రూపాయలు చిల్లర లెక్కపెట్టి తిరిగి ఇచ్చింది. ఉంచుకోమన్నాను. "బాకీ పదకొండేగదండీ" అంది. మామ్మ పేరు ఆ రోజు అడిగి తెలుసుకున్నాను. ఆ కుటుంబం అనుమతి లేకుండా దాన్ని ఇక్కడ రాయను. కానీ నాకు తెలుసు.

ఆ తర్వాత కాలం కొంత నడిచింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో అంది. అంటూనే, నోటీసిచ్చి తొలగించవచ్చనీ అంది. వీధిలో వ్యాపారం చేసుకోవడం, తగిన ఆంక్షలకు లోబడి, ప్రాథమిక హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో అంది. 2004లో జాతీయ విధానం, 2014లో చట్టం వచ్చాయి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించరాదని ఆ చట్టం చెబుతుంది. పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలనీ, వారిలో మూడోవంతు స్త్రీలుండాలనీ చెబుతుంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వీధులను ఖాళీ చేశాక, కేంద్ర ప్రభుత్వం మొదటి విడతగా పదివేల రూపాయల బ్యాంకు అప్పు పథకం పెట్టింది. ఇవేవీ దయతో వచ్చినవి కావు. నెత్తిమీద గంపలతో, చేతిలో జరిమానా చీటీలతో కోర్టులకెక్కి, సంఘాలు పెట్టుకుని వాళ్ళు సాధించుకున్నవి. చట్టం కాగితంమీద ఉన్నంత బలంగా వీధిలో లేదన్నది లారీ వచ్చిన ప్రతి సాయంత్రమూ రుజువవుతూనే ఉంది. అయినా 1976లో మామ్మ దగ్గర ఆ కాగితమైనా లేదు.

ఈ పోరాటంలో తెలుగు రచయితలుగా మన వాటా ఎంత? మనం వాళ్ళమీద రాయలేదని కాదు. రాశాం. వాసన రాశాం, రుచి రాశాం, ప్రేమ రాశాం. ప్రేమ ఉన్నచోట లెక్క అడగకూడదనే మర్యాద మధ్యతరగతిది. ఆ మర్యాదవల్ల లాభపడేది ఎప్పుడూ బాకీ పడ్డవాడే.

రాయడానికి కూర్చునే యువ రచయితలకు నాదొకటే విన్నపం. మీ వీధి మలుపులో మీకిష్టమైన మనిషి ఎవరైనా ఉండే ఉంటారు. ఆ చేతి రుచి గురించి తప్పకుండా రాయండి. దానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: పేరేమిటి? ఇక్కడికి ఎందుకు వచ్చారు? అప్పు ఎక్కడ తెచ్చారు, రోజుకి ఎంత కడుతున్నారు? లారీ వస్తే ఎక్కడికి పోతారు? ఈ జవాబులు వచ్చాక కూడా రుచి మిగిలే ఉంటుంది. ఇంకో మాట. కలం తీసేముందు మీ బాకీ తీర్చేయండి.